గింజను మేల్కొలిపే చేతికి నైపుణ్యం లేదట!

ఏప్రిల్, మే నెలల్లో చేలు బీడుపడి, చెరువులు అడుగంటి, కూలిపని దొరక్క మన జనం దిక్కులు చూస్తుంటారు. ఆ రోజుల్లోనే రోడ్ల పక్కన రెండు చెట్లు మాత్రం ఒళ్ళంతా పూస్తాయి. ఒకటి తురాయి. దూరం నుంచి చూస్తే చెట్టుకు మంట అంటుకున్నట్టు ఉంటుంది. రెండోది రేల. పసుపు పూల గొలుసులు కొమ్మకొమ్మకూ వేలాడతాయి. బస్సు దిగినవాళ్ళు ఆ నీడన కాసేపు నిలబడతారు. పట్నంవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. వానాకాలం వస్తే మంత్రులు, అధికారులు బయల్దేరతారు. తవ్వి సిద్ధంగా ఉంచిన గోతిలో ఓ మొక్క పెట్టి, చెంబెడు నీళ్ళు పోసి, ఫొటో దిగి వెళ్ళిపోతారు.

ఆ మొక్కను గింజ నుంచి మొలిపించింది ఎవరు? నడివేసవిలో నాలుగైదు నెలలు నీళ్ళు మోసి దాన్ని మోకాలెత్తు చేసింది ఎవరు? ఆ పేరు ఏ పేపర్లోనూ రాదు. ఈసారి మేము ఆ సంగతే రాయదలచుకున్నాము. ఇందులో పని గురించిన మాటలు కొన్ని ఉన్నాయి, హక్కు గురించిన మాటలు కొన్ని ఉన్నాయి. ఈ రెంటినీ విడదీయడం కుదరదు.

కడియం తోటల్లో

రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు గ్రామాల మీదుగా వెళ్ళినవారికి ఆ నర్సరీల సంగతి చెప్పనక్కరలేదు. గోదావరి ఒండ్రు నేల, కాలవ నీళ్ళు, కష్టించే చేతులు - ఈ మూడూ కలిసి ఆ ఊళ్ళకు దేశమంతటా పేరు తెచ్చాయి. ఎక్కడెక్కడి లారీలో వచ్చి మొక్కలు ఎత్తుకుపోతాయి. చూడవచ్చినవాళ్ళకు కుండీల వరుసలు, రంగురంగుల పూలు కనిపిస్తాయి. మాకు ముందుగా కనిపించింది తెల్లవారుతూనే అన్నం క్యారేజీలతో వస్తున్న ఆడకూలీలు. మట్టి జల్లెడ పట్టేది వాళ్ళు. ఎరువు కలిపేది వాళ్ళు. సంచులు నింపేది, గింజ పెట్టేది, కలుపు తీసేది, నీళ్ళు పోసేది వాళ్ళే. అంట్లు కట్టడం, లారీలకెత్తడం ఎక్కువగా మగవాళ్ళ పని. మేము చూసిన చోట్ల మగ కూలి, ఆడ కూలి ఒకటి కాదు. ఎక్కడ తక్కువో వేరే చెప్పాలా?

చెట్టు కింద కూర్చుని గింజలు ఏరుతున్న ఒక పెద్దామెను అడిగాము: "ఈ పని మీకెవరు నేర్పారమ్మా?"

"నేర్పేదేటుంది బాబూ! చేస్తా ఉంటే చేతికే తెలిసిపోద్ది. ఇదిగో, ఇది ఉబ్బింది. ఇది ఉబ్బలేదు. ఉబ్బందాన్ని సంచిలో పెడితే సంచీ దండగ, నీళ్ళూ దండగ."

రాత్రి నానబెట్టిన తురాయి గింజల్ని ఆమె వేళ్ళతో ఒక్కొక్కటే నొక్కి, కొన్ని ఇటు, కొన్ని అటు వేస్తోంది. చూపు అటే లేదు. మాతో మాట్లాడుతూనే ఉంది. ఇంత పని తెలిసిన ఆమె పేరు కూలి పుస్తకంలో ఎలా ఉంటుంది? 'మామూలు కూలి' అని.

గింజ ఎందుకు నిద్రపోతుంది?

మన పాఠకుల్లో చాలామందికి వరి, జొన్న, కంది విత్తడం పుట్టుకతో వచ్చిన పని. తడి తగిలితే నాలుగు రోజుల్లో మొలక వచ్చే గింజలు అవి. తురాయి, రేల అలాంటివి కావు. వీటి గింజకు పైన రాయిలాంటి పెంకు ఉంటుంది. నెలల తరబడి తడి మట్టిలో పడి ఉన్నా లోపలికి నీటిచుక్క దిగదు. గింజ చచ్చిపోయిందనుకుంటాము. అది చావలేదు, నిద్రపోతోంది.

ఇది చెట్టు చేసుకున్న ఏర్పాటు. అదను కాని అదనులో ఒక్క జల్లు పడగానే గింజలన్నీ మొలిస్తే, ఆ తరవాతి ఎండకు అన్నీ మాడిపోతాయి. అందుకని కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు, కొన్ని ఆ పై ఏడు మొలిచేటట్టు పెంకు కాపలా కాస్తుంది. ఎండకు ఎండి, వానకు నాని, రాళ్ళకు ఒరుసుకుని, పశువుల కడుపులోపడి బయటకు వచ్చి, ఆ పెంకు మెల్లగా పలచబడుతుంది. మేకలు కాసేవాళ్ళకు ఈ రహస్యం ఎప్పటినుంచో తెలుసు. మేకలు తుమ్మకాయలు తింటాయి. దొడ్లో ఊడ్చిన పెంటికల్లోంచి ఏరిన తుమ్మ గింజలు, చెట్టు కింద ఏరినవాటికంటే బాగా మొలుస్తాయి. రేలకాయ లోపలి నల్లటి తీపి గుజ్జును కోతులు, ఎలుగుబంట్లు తిని, గింజల్ని అడవంతా వెదజల్లుతాయి.

అంటే, అడవి ఏళ్ళ తరబడి చేసే పనిని కూలి మనిషి ఒక్క రాత్రిలో చేస్తోంది. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో మనకు తరవాత పని ఉంది.

పని తీరు

తురాయి కాయ మూరెడు పొడుగున, కత్తి ఒరలాగా, నల్లగా గట్టిపడి చలికాలమంతా చెట్టునే వేలాడుతుంది. రేలకాయ గుండ్రంగా, రోకలి పిడిలాగా ఉంటుంది. అది తనంత తాను పగలదు. బండ మీద పెట్టి కొట్టాలి. లోపల అరలు అరలుగా, అరకొక గింజ ఉంటుంది. గుజ్జును నానబెట్టి, పిసికి కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టాలి. ఒక్క చెట్టు కాయలే ఏరకూడదు. గట్టిగా ఎదిగి, బాగా పూసి, తెగులు లేని అయిదారు చెట్ల నుంచి ఏరాలి. పురుగు తొలిచిన గింజ, తాలు గింజ ముందే తీసిపారెయ్యాలి.

నిద్ర లేపడానికి రెండు సులువైన పద్ధతులున్నాయి. గింజలు కొద్దిగా ఉంటే, ఒక్కొక్కటి పట్టుకుని గరుకు బండ మీదగానీ, ఉప్పుకాగితం మీదగానీ ఒకవైపు రుద్దాలి. నల్లటి పెంకు కింద తెలుపు కనబడగానే ఆపెయ్యాలి. గింజకు కన్ను ఉన్నవైపు రుద్దకూడదు. మొలక వచ్చేది అక్కడే. గింజలు ఎక్కువగా ఉంటే వేడినీళ్ళ పద్ధతి. నీళ్ళు తెర్లగానే పొయ్యి మీది నుంచి దించి, గింజల్ని అందులో పోసి, అలాగే చల్లారనివ్వాలి. పొయ్యి మీద ఉంచి గింజల్ని ఉడికించకూడదు. ఒక పగలూ ఒక రాత్రీ నానిన తరవాత చూస్తే కొన్ని గింజలు రెండింతలై ఉంటాయి. వాటిని వెంటనే సంచుల్లో పెట్టాలి. ఉబ్బనివాటికి మళ్ళీ ఒకసారి వేడినీళ్ళు. రేల గింజ పెంకు మరీ మొండిది. దానికి రుద్దడమే మేలు.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి సంచులు నింపాలి. సంచికి అడుగున బెజ్జాలు లేకపోతే నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. గింజను దాని మందానికి రెండింతల లోతున పెట్టాలి, అంతకు మించకూడదు. మొదటి రోజుల్లో తాటాకు పందిరో, కొబ్బరాకు పందిరో కావాలి. నీళ్ళు జల్లుగా పడాలి, ధారగా పోస్తే గింజ కొట్టుకుపోతుంది. ఉబ్బిన తురాయి గింజ సాధారణంగా పదిరోజుల్లోపే తల ఎత్తుతుంది. రేలకు రెండు మూడు వారాల ఓపిక కావాలి. మొలక వచ్చింది కదా అని ముద్దగా నీళ్ళు పోస్తే నారుకుళ్ళు తగులుతుంది. సాయంత్రం బాగున్న మొలక తెల్లారేసరికి మొదట్లో నల్లబడి వాలిపోతుంది.

మొక్క జానెడు ఎదిగాక సంచుల్ని అప్పుడప్పుడు ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చాలి. లేకపోతే వేరు సంచిని చీల్చుకుని నేలలోకి దిగుతుంది. ఎత్తేటప్పుడు అది తెగి మొక్క చస్తుంది. నాటడానికి కొద్దివారాల ముందు నుంచి పందిరి తీసేసి, నీళ్ళు తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చేయాలి. నీడలో ముద్దుగా పెరిగిన మొక్క రోడ్డు పక్కన రెండు రోజులు కూడా నిలవదు.

అన్ని గింజలూ ఒక్కటి కాదు

అయితే అన్ని పూలచెట్లకూ ఇదే మంత్రం పనికిరాదు. అసలు నేర్పు ఇక్కడే ఉంది. సంపెంగ గింజ పైన ఎర్రటి కండ ఉంటుంది. లోపల నూనె ఉంటుంది. ఆ కండ కడిగేసి తాజాగా ఉండగానే వెయ్యాలి. దాచిపెడితే మొలవదు. మన వేప గింజా అంతే. పండు రాలిన రెండు మూడు వారాల్లో వేయకపోతే చాలా గింజలు చచ్చిపోతాయి. మోదుగకాయలో ఒకే ఒక్క పలచటి గింజ. దానికి వేడినీళ్ళు అక్కరలేదు, తాజాగా ఉంటే చాలు. కానుగ కూడా ఏ ముస్తాబూ లేకుండానే మొలుస్తుంది. తురాయి గింజకు చేసే వైద్యం సంపెంగకు చేస్తే చస్తుంది. సంపెంగను వేసినట్టు రేలను వేస్తే ఏడాది గడిచినా సంచి ఖాళీగానే ఉంటుంది.

ఏ గింజను దాచాలి, దేన్ని ఆ పూటే వెయ్యాలి, దేనికి వేడి, దేనికి తడి - ఇదంతా ఒక చదువు. ఈ చదువు పుస్తకాల్లోనూ ఉంది. అయితే తెల్లారి అయిదింటికి నర్సరీ గేటు దగ్గర నిలబడే మనుషుల చేతుల్లో అంతకంటే గట్టిగా ఉంది.

ఇంకో మాట. రేల లాంటి మొండి గింజల పెంకు తీయడానికి పెద్దఎత్తున మొక్కలు పెంచేచోట గంధకామ్లం, అదే సల్ఫ్యూరిక్ యాసిడ్, వాడే పద్ధతి ఉంది. గింజల్ని కొద్ది నిమిషాలు అందులో ఉంచి, ఎక్కువ నీటిలో మళ్ళీ మళ్ళీ కడుగుతారు. పద్ధతి మంచిదే కావచ్చు. కాని చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దాలు, దగ్గర్లో ధారాళంగా నీళ్ళు లేకుండా ఈ పని చేయించడం నేరం. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే చివ్వున ఎగిరి మొహం మీద పడుతుంది. తొడుగులు ఇవ్వనిచోట ఆ పని చేయమని చెప్పే హక్కు కూలికి ఉంది. గరుకు బండ ఉండగా కళ్ళు పోగొట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

చట్టం ఏమంటోంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. కడియం నర్సరీలు సొంతదార్లవి. తెలంగాణలో ప్రభుత్వ నర్సరీలు ఊరూరా లేచాయి. 2015లో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి పంచాయతీకీ ఒక నర్సరీ ఉండాలన్నది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని షరతు పెట్టింది. 2024 నుంచి వన మహోత్సవం పేరుతో ఆ కార్యక్రమం నడిచింది. పేరు ఏదైనా, గద్దె మీద ఎవరున్నా, సంచులు నింపిన చేతులు ఉపాధి కూలీలవే. అందులోనూ ఆడవాళ్ళవే ఎక్కువ.

2005 ఉపాధి హామీ చట్టం పేదలు పోరాడి సాధించుకున్న చట్టం. వలసపోయే కాళ్ళకు అది కొంత అడ్డం పడింది. దాన్ని మేము ఎప్పుడూ సమర్థించాము. కాని ఆ చట్టం పనిని 'నైపుణ్యం లేని శారీరక శ్రమ' అని పిలిచింది. గింజ కన్ను ఎటుందో చూసి రుద్దే పని, ఉబ్బిందీ ఉబ్బనిదీ వేళ్ళతో తేల్చే పని, నారుకుళ్ళు ఒక్కరోజు ముందే పసిగట్టే పని - ఇదంతా నైపుణ్యం లేని పనేనట! 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ చట్టం కింద రోజుకూలి 307 రూపాయలు. అదీ కొలత పడితేనే.

శారీరక శ్రమ మాత్రం తక్కువా? సంచికి కిలో మట్టి అనుకుందాము. పదివేల మొక్కల నర్సరీ అంటే పది టన్నుల మట్టి. నింపేటప్పుడు ఒకసారి, వేరు దిగకుండా జరిపేటప్పుడు ఇంకోసారి, ట్రాక్టరుకు ఎత్తేటప్పుడు మరోసారి. ముప్ఫై టన్నులు నడుములు వంచి ఎత్తినట్టు! ఏప్రిల్ ఎండలో పోసే నీళ్ళు ఈ లెక్కలో లేవు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పనిదినాలు 100 నుంచి 125కు పెంచామని కేంద్ర ప్రభుత్వం గొప్పగా చెప్పింది. మరి ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టిన సంగతి? విత్తనాలప్పుడు, కోతలప్పుడు ఏడాదికి మొత్తం 60 రోజులు పని ఆపెయ్యాలన్న నిబంధన సంగతి? కాయలు చలికాలంలో ఏరాలి. గింజలు ఫిబ్రవరి, మార్చిలో పెట్టాలి. ఎండాకాలమంతా రోజూ నీళ్ళు పోయాలి. వానలు పడగానే జూన్, జూలైలో నాటాలి. నర్సరీకి ఇది తప్పని పంచాంగం. ఎండలో మొక్కకు 'పని నిలుపుదల' అంటే అర్థమవుతుందా? మూడు రోజులు నీళ్ళు ఆగితే నాలుగు నెలల కష్టం మాడిపోతుంది. ఇక కొత్త చట్టంలోనూ 'నైపుణ్యం లేని' అన్న మాట చెరగలేదు.

ఏ మొక్కో ఎవరిని అడిగి?

మొక్కలు ఎండిపోతే నెపం కూలీల మీదికి నెడతారు. కాని ఏ మొక్క పెంచాలో ఎన్నడైనా కూలీలను అడిగారా? మధ్యలో కోనోకార్పస్ అనే విదేశీ మొక్క మోజు పట్టుకుంది. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, తొందరగా పచ్చబడుతుంది, పశువు ముట్టదు, లెక్క చూపించడం తేలిక. ఊళ్ళన్నీ దానితో నింపారు. తీరా పుప్పొడితో జబ్బులు వస్తున్నాయనీ, వేళ్ళు పైపులను, కాలవలను పాడుచేస్తున్నాయనీ గోల లేచింది. 2022లో తెలంగాణలో దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది.

తురాయి విషయంలోనూ నిజం చెప్పుకోవాలి. అది మనది కాదు. మడగాస్కర్ దీవి నుంచి 19వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అందం కాదనలేము. కాని కొమ్మ పెళుసు, వేళ్ళు పైపైన పాకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు చెట్లు ఎలా పడిపోయాయో చూసినవారు మరిచిపోరు. కరెంటు తీగల పక్కన, ఇళ్ళ మీదికి వాలేచోట, కోస్తా గాలి తగిలేచోట తురాయిని పెట్టకూడదు. అక్కడ మనవే అయిన రేల, కానుగ, పొగడ, పొన్న మేలు. రేల మన ఆదివాసుల చెట్టు. కోయ, గోండు పాటల్లో ఆ పేరు మోగుతూనే ఉంది. ఈ తేడాలు మేస్త్రీకి తెలుసు, సంచులు నింపే అక్కకు తెలుసు. అంచనాలు వేసే ఆఫీసుకే తెలియవు. తెలిసినా, తొందరగా పచ్చగా కనబడేదే వాళ్ళకు కావాలి. గింజ నుంచి వచ్చిన తురాయి పూయడానికి నాలుగైదేళ్ళకు పైనే పడుతుంది. రేలకు ఇంకా ఎక్కువ. ఎన్నికలు అంతకాలం ఆగవు.

మనం చేయగలిగింది

ముందుగా మన చేతుల్లో ఉన్న పని. రోడ్డు పక్క చెట్ల గింజ ఉచితం. అడవిలో గింజ ఏరుకుని అమ్ముకునే హక్కు ఆదివాసులకు, అడవి మీద ఆధారపడ్డ జనానికి 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. వ్యవసాయ కార్మిక సంఘాలున్న ప్రతి ఊళ్ళోనూ, దళితవాడలోగానీ బడి ఆవరణలోగానీ వంద సంచులతో మొదలుపెట్టవచ్చు. పందిరి వేయడానికి నాలుగు తాటాకులు, నానబెట్టడానికి ఒక కుండ చాలు. ఇళ్ళస్థలాలు వచ్చినా నీడలేక మాడుతున్న కాలనీలు మనవే. అక్కడ మొదటి వరస చెట్లు మన గింజవే కావాలి. పిల్లలకు ఈ పని నేర్పాలి. అమ్మ చేతిలో ఉన్న చదువును బిడ్డలు చూడాలి.

అయితే దీంతోనే ఆగిపోకూడదు. చెట్లు పెంచుకోండని మనకు నీతులు చెప్పి, కూలి ఎగవేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని కొన్ని కోర్కెలు గట్టిగా అడగాలి. నర్సరీ పనిని నైపుణ్యం గల పనిగా గుర్తించి అందుకు తగ్గ కూలి ఇవ్వాలి. ఆడ, మగ తేడా లేకుండా సమాన కూలి ఉండాలి. గింజ పెట్టిన రోజు నుంచి మొక్క నాటేదాకా నర్సరీ కూలీలకు పని ఆపకూడదు. పంచాయతీలు, మునిసిపాలిటీలు మొక్కలు కొనేటప్పుడు కాంట్రాక్టర్ల దగ్గర కాకుండా కూలి మహిళల సహకార సంఘాల దగ్గర కొనాలి. నీళ్ళు, నీడ, మందుల పెట్టె, చేతి తొడుగులు ప్రతి నర్సరీలోనూ ఉండాలి. ఏ చెట్టు ఎక్కడ పెంచాలో గ్రామసభలో, కూలీల సమక్షంలో తేల్చాలి.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. బయలుదేరే ముందు కడియంలో ఆ పెద్దామెను మళ్ళీ పలకరించాము. మీరు మొలిపించిన చెట్లు ఎక్కడెక్కడ పూస్తున్నాయో ఎప్పుడైనా చూశారా అని అడిగాము.

"లారీ ఎక్కాక మాకేం తెలుస్తాది బాబూ. ఎక్కడో పూస్తానే ఉంటాయిలే" అని, చేతిలోని గింజను నొక్కి చూసి, ఉబ్బినవాటి కుప్పలో వేసింది.

ఈ వేసవిలో తురాయి ఎర్రగా విరగబూసినచోట, రేల పసుపు కురిసినచోట, సంఘం కార్యకర్తలు ఒక్క క్షణం ఆగి ఆమెను తలుచుకోవాలి. ఆ తరవాత నేరుగా దగ్గర్లోని నర్సరీకి వెళ్ళి, అక్కడ కూలి ఎంత ఇస్తున్నారో అడగాలి.